ఎక్కాలతో కొట్టిన మిద్దె

ఏప్రిల్ ఇరవై మూడో తేదీ, మంగళవారం, పొద్దున పది గంటల నలభై నిమిషాలకు మా బడి కప్పు నుంచి జానెడు పెచ్చు ఒకటి ఊడి నా కుర్చీలో పడింది. నేను కుర్చీలో లేను. మూడో తరగతి పిల్ల ఒకతి పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోకుండానే తీసివేత చేసేస్తుంటే చూడలేక, లేచి ఆమె పలక దగ్గరికి వెళ్ళాను. ముప్పై మూడేళ్ళ సర్వీసులో పిల్లల తప్పుడు లెక్క వల్ల నాకు జరిగిన మేలు అదొక్కటే.

మరునాటి నుంచి వేసవి సెలవులు. పిల్లల్ని బయటికి పంపి, కుర్చీ దులిపి, తల పైకెత్తి చూశాను. పెచ్చు ఊడిన చోట దూలం చివర నల్లగా, పొడిపొడిగా కనబడింది. మా అసిస్టెంటు సారు నా పక్కన నిలబడి తనూ పైకి చూశాడు. ఆయనకు ఏ విషయంలోనూ మంచి జరుగుతుందన్న నమ్మకం లేదు. ఆ ఒక్కటి తప్ప మంచి మనిషి.

"అయిపోయింది మేడమ్. ఇంక ఈడ బడి లేదు" అన్నాడు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. మా బళ్ళో అది లేదు, ఇది లేదు అని చెప్పుకుంటారు. వాళ్ళకోసం ఈ కథ రాస్తున్నాను. మాకు ఆ ఏడు లేనిది కప్పు.

ఆ బడి పలమనేరు దాటి, బెంగళూరు రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు లోపలికి వెళితే వచ్చే ఒక కాలనీలో ఉంది. కాలనీలో అందరూ క్రైస్తవులు. రాగిచేలు దాటితే పై ఊరు. అక్కడ అందరూ హిందువులు. బడి మండల పరిషత్తుది, కట్టడం చర్చిది. నలభై అడుగుల పొడవు, పద్దెనిమిది అడుగుల వెడల్పున్న ఒకే ఒక హాలు. రెండడుగుల మందం నల్లరాతి గోడలు, చేతులు జోడించినట్టు పైన మొనదేలిన ఆరు కిటికీలు, పైన మద్రాసు మిద్దె, దాని మీద చిన్న గూడులో గంట. ఈ హాలుకు ఉత్తరాన ఒక తరం తర్వాత అతికించిన పెంకుటి గది. అసలు బడి ఆ గదిలోనే ఉండాలి. పిల్లలు పెరిగి గది చాలక, నేను చేరేనాటికే ఒకటి నుంచి మూడు తరగతులు చర్చి హాల్లోకి వచ్చేశాయి.

అందుకు తగ్గట్టే అక్కడి బెంచీలు. వాటి వీపుచెక్కలు ఇనుప కీళ్ళ మీద తిరుగుతాయి. తూర్పున బలిపీఠం, పడమట నల్లబల్ల. శనివారం ఆఖరి గంట కొట్టగానే పిల్లలు వీపుచెక్కల్ని టపటపా తూర్పుకు తిప్పి ఇళ్ళకు పోతారు. సోమవారం పొద్దున వచ్చి పడమటికి తిప్పుకుంటారు. కూర్చునే చోటు అదే, ముఖం మాత్రం మారుతుంది. ఏ వడ్రంగికి వచ్చిన ఆలోచనో తెలియదు.

కట్టింది ఎవరని అడిగితే అందరూ ఒకే మాట చెప్పేవాళ్ళు: దొర కట్టినాడు. తలుపు మీది రాతిలో దొర పేరు, సంవత్సరం చెక్కి ఉన్నాయి. కానీ ఆ రాతికి పైన చూస్తే చెక్కినవాళ్ళు ఎవరో తెలిసిపోతుంది. దేవదూతను చెక్కమంటే, గుళ్ళకు పనిచేసిన ఆ శిల్పులు రెక్కలు పెట్టి, దండచేతులకు వంకీలు, ముక్కుకు ముక్కుపుడక కూడా పెట్టారు. తలుపు చుట్టూ మామిడాకుల తోరణం చెక్కారు. మా నాయన తిరుపతిలో గుడి ఆఫీసులో పనిచేసేవాడు. నన్ను ఈ బడిలో టీచరుగా చేర్చడానికి వచ్చిన రోజు ఆ దేవదూతను చాలాసేపు చూసి, "ఈయమ్మ మనూరి పిల్లే" అని నిశ్చింతగా బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఇంకో సంగతి. ఆ హాల్లో మాట తిరిగి పలికేది. పిల్లవాడు లేచి "నాలుగు" అని గట్టిగా అంటే, కప్పు కింద ఎవరో చిన్నగా "లుగు" అనేవాళ్ళు. ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు నేర్పడంలో సగం పని ఆ కప్పే చేసేది.

మండలం ఇంజనీరు గురువారం వచ్చింది. చిత్తూరు అమ్మాయి, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. నిచ్చెన వేయించి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, తనే పైకెక్కి దూలాలన్నీ పొడిచి చూసింది.

"మేడమ్, ఈ మూడు దూలాలు సూడండి. స్క్రూడ్రైవరు పిడి దాకా లోపలికి పోతాండాది. పిల్లోళ్ళు కూర్చున్నప్పుడు కూలుంటే ఏమయ్యుండును?"

"దానికేం చెయ్యాలో చెప్పమ్మా."

"జూన్ పన్నెండు బడి తెరిచేలోగా కప్పు మార్చండి. మార్చినాక మిద్దె మీద ఒక రోజంతా నీళ్ళు నిలబెట్టి నాకు చూపించండి. చుక్క కారినా నేను ఒప్పుకోను. పిల్లల్ని హైవే అవతలి బడికి పంపమని రాసేస్తా."

ఆమె చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. హైవే అవతలి బడి మూడు కిలోమీటర్లు. మధ్యలో రాత్రీపగలూ లారీలు. మా నలభై ఒక్కమంది పిల్లల్లో ఇరవై నలుగురు ఆడపిల్లలు. ఆ రోడ్డు దాటి పంపే తల్లి కాలనీలో ఒక్కతీ లేదని నాకు తెలుసు. ఆడపిల్లలు ఆగిపోతే బడి మూతపడుతుంది. అంతకంటే లెక్క వేయడానికి ఏమీ లేదు.

ఆ సాయంత్రమే చర్చి కమిటీ కూర్చుంది. చర్చి అయ్యగారు గూడూరు వైపు నుంచి వచ్చిన చిన్న వయసువాడు, మెత్తటి మనిషి. ఆయన రేకులు వేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. సర్వీసులో మొదటి నాలుగేళ్ళు నేను వేరే ఊళ్ళో రేకుల షెడ్డులోనే పాఠం చెప్పాను. వాన పడితే టీచరు నోరు కదపడం కనిపిస్తుంది తప్ప మాట వినపడదు.

"ప్రసంగం కూడా వినపడదు అయ్యగారూ" అన్నాను.

కమిటీలో వెనక కూర్చున్న ఒకాయన, "అట్లయితే రేకులే మేలు" అన్నాడు. అందరూ నవ్వారు. అయ్యగారు కూడా నవ్వి, మిద్దెకే ఒప్పుకున్నాడు. డబ్బు సమకూడింది, అందులో చెప్పుకోదగ్గ విశేషం లేదు. మా అసిస్టెంటు సారు మాత్రం ఇంటర్ చదివే రోజుల నుంచి పెంచిన మీసం మీద చెయ్యి వేసి, "ఈ మిద్దె పాసయితే నేను మీసం తీసేస్తా మేడమ్" అన్నాడు.

మద్రాసు మిద్దె వేసే మేస్త్రీలు ఇప్పుడు అరుదు. గుడియాత్తం నుంచి ఒక ముసలి మేస్త్రీని పిలిపించాం. ఆయన తెలుగూ తమిళమూ కలిపి మాట్లాడేవాడు. పని ఎలా ఉంటుందో ఆయన చెప్పిందాంట్లో మీకు అవసరమైనంత చెబుతాను. దూలాల మీద ఇటుకల్ని నిలువుగా పేర్చి సున్నంతో అతుకుతారు. దాని మీద ఇటుక ముక్కలు కలిపిన సున్నం నాలుగంగుళాల మందం పరుస్తారు. ఆపైన ఆడవాళ్ళు వరసగా గొంతు కూర్చుని, చేతిచెక్కలతో ఆ సున్నాన్ని కొట్టాలి. బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు చల్లుతూ మూడు రోజులు కొట్టాలి. చెక్క సున్నంలో దిగకుండా ఎగిరి వెనక్కి వచ్చేదాకా కొట్టాలి.

"మధ్యలో ఒక నాడు విడిస్తే?" అని అడిగాను.

"విడిస్తే సున్నం విడిచిపోవునమ్మా. పగులు పడిపోతాది. మళ్ళా మొదట్నించి" అన్నాడు మేస్త్రీ.

ముందు పాత మిద్దె పగలగొట్టారు. రెండో రోజు పాత సున్నం గడ్డలు కింద పోగులు పడుతుంటే, చర్చి ఊడ్చే అవ్వ ఒక గడ్డ చేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఆమెకు డెబ్భై దాటాయి. కాలనీలో ఆమె మాటకు అయ్యగారు కూడా ఎదురు చెప్పడు.

"టీచరమ్మా, ఇది సూడు."

సున్నం గడ్డలో పచ్చటి ముక్క మెరుస్తోంది. గాజు ముక్క. ఇంకో గడ్డ పగలగొట్టి చూశాం. అందులో ఎర్రది. ఆ పోగంతా వెతికితే దాదాపు గడ్డకొకటి ఉంది. పాత మిద్దె కొట్టిన ఆడవాళ్ళ చేతుల్లో పగిలి, సున్నంలో కలిసిపోయిన గాజులు.

"ఇన్నాళ్ళూ దొర కట్టినాడు, దొర కట్టినాడు అంటిరి గదా. దొర గాజులేసుకుంటాడా ఏమి?" అంది అవ్వ.

ఆ చర్చి చరిత్ర మీద అంతకంటే మంచి వ్యాఖ్యానం నేను ఎక్కడా వినలేదు.

ఇప్పుడు అసలు పొరపాటు. తేదీలు పెట్టింది నేను, అయ్యగారు, మేస్త్రీ కలిసి. గురువారం, శుక్రవారం, శనివారం కొట్టేద్దామని నేను చెప్పాను. అయ్యగారు సరేనన్నాడు. మేస్త్రీ క్యాలెండరు దగ్గరికి వెళ్ళి గురువారం మీద వేలు పెట్టాడు.

"అమావాస్య. అమావాస్య నాడు నేను చెయ్యి పెట్టను."

"చర్చికి అమావాస్య ఏంటి మేస్త్రీ?" అన్నాడు అయ్యగారు.

"చర్చికి లేదు సామీ. నాకుండాది."

సరే, శుక్రవారం మొదలుపెడదాం అనుకున్నాం. ఒక రోజు ముందుకు జరిపితే మొత్తం అన్నీ ఒక రోజు జరుగుతాయని ఒకటో తరగతి పిల్లలకు నేనే చెబుతాను. శుక్రవారం మే పది. శనివారం పదకొండు. ఆ తర్వాతి రోజు ఏమిటో ముగ్గురిలో ఎవరమూ అనుకోలేదు. మేస్త్రీ చూసింది అమావాస్య. నేను చూసింది జూన్ పన్నెండు. అయ్యగారు ఏం చూశాడో ఇప్పటికీ చెప్పడు.

శుక్రవారం పొద్దున ఆరింటికి కాలనీ ఆడవాళ్ళు ముప్పైమంది మిద్దెక్కారు. పగిలి సున్నంలో పడితే చెయ్యి కోసుకుంటుందని, గాజులు తీసి కింద పెట్టండమ్మా అన్నాను.

"మొగుళ్ళు కింద ఇసుక మోస్తాండంగానే గాజులు తీయమంటావా టీచరమ్మా?" అంది అవ్వ. ఆమె విధవరాలు, చేతులకు ఏమీ లేవు. మిగిలిన ఇరవై తొమ్మిదిమందీ పగలబడి నవ్వి, ఒక్క గాజు కూడా తీయలేదు.

మూడు వరసలుగా కూర్చున్నారు. మేస్త్రీ ఒక మాట గట్టిగా చెప్పాడు: పాట లేనిదే పని లేదు. పాట ఉంటే ముప్పై చెక్కలూ ఒకేసారి పడతాయి. లేకపోతే ఒకతి మాట్లాడుతుంది, ఇంకొకతి వింటుంది, మిద్దె అలలు తేలుతుంది. మొదటి రోజు వాళ్ళు కీర్తనలతో మొదలుపెట్టి, అవి అయిపోయాక నాట్ల పాటల్లోకి దిగారు. నాట్ల పాటల్లో మరదళ్ళ ప్రస్తావన రాగానే అయ్యగారు పనున్నట్టు లేచి కాలనీ వైపు వెళ్ళిపోయాడు. రెండు రోజులు మిద్దె మీద జాతరే. ఎండ ముదిరితే దిగడం, రాగిసంకటి తినడం, చల్లబడగానే ఎక్కడం.

శనివారం సాయంత్రం దిగుతూ దిగుతూ అవ్వ మెట్ల మీద ఆగింది.

"రేపు మందిరం గదా అయ్యగారూ?"

అయ్యగారు నన్ను చూశాడు. నేను మేస్త్రీని చూశాను. మేస్త్రీ మిద్దెను చూశాడు.

"రేపు కొట్టకపోతే ఈ రెండు నాళ్ళదీ చెత్త" అన్నాడు మేస్త్రీ మెల్లగా.

"విశ్రాంతి దినాన పని చెయ్యమని నేను చెప్పలేను టీచరమ్మా. చెయ్యొద్దని చెప్పడానికీ నోరు రావడం లేదు" అన్నాడు అయ్యగారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా అసిస్టెంటు సారు మీసం సవరించుకున్నాడు.

మళ్ళీ మొదటి నుంచి వేయడానికి సున్నం లేదు. కొత్తగా నానబెడదామంటే సమయం లేదు. జూన్ పన్నెండు నా కళ్ళ ముందు లారీలాగా వచ్చి నిలబడింది.

అవ్వ కొంగు దులుపుకుంది. "పై ఊర్లో ఆదివారం లేదు గదా. పద టీచరమ్మా."

పై ఊరివాళ్ళు తమ పిల్లల్ని ఒకప్పుడు మా బడికే పంపేవాళ్ళు. తర్వాత ఇంగ్లీషు మీడియం వ్యాన్లు వచ్చాయి. పిల్లలు చర్చి హాల్లో కూర్చుని చదువుకున్నారు కానీ, వాళ్ళ ఇళ్ళ పెద్దవాళ్ళు కాలనీ వీధిలోకి వచ్చింది నేను చూడలేదు. అవ్వ కూడా ఆ ఊరి వీధిలో ఎప్పుడూ పక్కగా నడిచేది. ఆ సాయంత్రం మధ్యలో నడిచింది.

మొదటి ఇంటి అరుగు మీద నా పాత విద్యార్థిని ఒకతి చాటలో రాగులు చెరుగుతోంది. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లలు. నన్ను చూడగానే లేచి చేతులు కట్టుకుంది. విషయం చెప్పాను.

"నాకేం టీచర్, వస్తా. ఆ మిద్దె మీదికెక్కితే మా అత్త ఏమంటాదో" అని గొంతు తగ్గించి లోపలికి చూసింది.

అత్త తలుపు వెనకే ఉంది. "నేనేమంటా మే? నా ముగ్గురు పిల్లోళ్ళూ ఆడనే గదా అక్షరం దిద్దింది. నువ్వొక్కదానివి పోయి చేసేదేముండాది, నేనూ వస్తా" అంటూ బయటికి వచ్చింది. అవ్వను చూసి, "నిలబడే ఉండావేమి, కూర్చో" అని అరుగు మీద చోటు చూపించింది. అవ్వ కూర్చుంది. మంచినీళ్ళు వచ్చాయి. అంతే జరిగింది, ఆ అరుగు మీద అంతకుముందు జరగలేదు.

ఆదివారం పొద్దున ఆరింటికి పై ఊరి నుంచి ఇరవై ఏడుగురు వచ్చారు. అందులో పంతొమ్మిదిమంది నా దగ్గర చదివినవాళ్ళు. వచ్చేటప్పుడే సమస్య కూడా వెంట వచ్చింది. తొమ్మిదింటికి పెంకుటి గదిలో ఆరాధన. పాట లేనిదే చెక్క పడదు. ప్రార్థన జరుగుతుంటే మిద్దె మీద భజన పాడడం బాగుండదని వాళ్ళే అన్నారు. నాట్ల పాటలు అసలే పనికిరావు. కీర్తనలు వాళ్ళకు రావు. కింద ఆరాధనకు ముందు సాధన చేసుకుంటున్న కీర్తన తాళానికి కొడదామా అని చూస్తే, అది సాగదీసిన రాగం. చెక్కలు నిద్రపోయినట్టు పడ్డాయి. మేస్త్రీ తల పట్టుకున్నాడు.

"ఏదన్నా ఒకటి పాడండమ్మా, సున్నం గట్టిపడతా ఉండాది!"

వాళ్ళు నా వైపు చూశారు. వాళ్ళందరికీ వచ్చినది, ఏ దేవుడికీ చెందనిది, తాళం తప్పనిది నాకు ఒక్కటే తెలుసు. గొడుగు ముడిచి పక్కన పెట్టి, బళ్ళో పలికించినట్టే అందుకున్నాను.

"రెండొకట్ల రెండు!"

ఇరవై ఏడు చెక్కలు ఒక్కసారి పడ్డాయి.

"రెండు రెళ్ళు నాలుగు!"

మేస్త్రీ తల మీద నుంచి చేతులు తీశాడు. ఐదో ఎక్కం దగ్గర వాళ్ళకు ఊపు వచ్చింది. తొమ్మిదో ఎక్కం దగ్గర చదువుకోని అత్తలు కూడా అందుకున్నారు. వరస చివరిదాకా వెళ్ళి, బెత్తెడు జరిగి, మళ్ళీ వెనక్కి. పదో ఎక్కం నాట్ల పాటకంటే వేగంగా పోయింది.

పన్నెండు దాటి పదమూడులోకి వచ్చేసరికి కింద ఆరాధన మొదలైంది. గొంతులు కొంచెం తగ్గించాం. అయినా పెంకుల మధ్య నుంచి వినపడకుండా పోదు. అయ్యగారు ప్రార్థన చేస్తూ ఒక చోట ఆగాడు. సరిగ్గా అప్పుడే పైన మేము, "పదమూడేళ్ళు తొంభై ఒకటి" అన్నాం. కింద వెనక బెంచీల్లో కూర్చున్నది నా పిల్లలు. టీచరు గొంతు వినబడితే తర్వాతిది చెప్పడం వాళ్ళకు అలవాటు.

"పదమూడెనిమిదులు నూట నాలుగు!" అని పిల్లలంతా కళ్ళు మూసుకునే అరిచారు.

పై చెక్కలు ఆగలేదు కానీ ఇరవై ఏడుగురూ కొంగులు నోట్లో కుక్కుకున్నారు. తర్వాత అయ్యగారి గొంతు వినిపించింది: "ఆమెన్." ఆ రోజు ప్రసంగం ఆయన పదిహేను నిమిషాల్లో ముగించాడని, అటువంటి ప్రసంగం మళ్ళీ వినలేదని కమిటీలో వెనక కూర్చునే ఆయన నాకు చెప్పాడు.

పదిహేడో ఎక్కం దగ్గర తాళం తప్పింది. పదిహేడార్లు నూట రెండు దాకా బాగానే వచ్చాం. తర్వాత గొంతులు ఒక్కొక్కటే రాలిపోయాయి. అరుగు మీద రాగులు చెరిగిన నా విద్యార్థిని చెక్క గాలిలో ఆగిపోయింది.

"నిలపకండమ్మా!" అని మేస్త్రీ అరిచాడు.

నేను చెప్పలేదు. ఆమె ముఖం చూస్తూ ఊరుకున్నాను. ఇన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది?

ఆమె పెదవులు కదిలాయి. కళ్ళు చిట్లించింది. ఒక్కసారిగా, "నూట పంతొమ్మిది!" అని కేకవేసి చెక్క దించింది. ఇరవై ఆరు చెక్కలూ దాని వెంట పడ్డాయి.

"టీచర్, నాలుగో తరగతిలో ఈ ఏడు దగ్గరే నన్ను మోకాళ్ళ మీద నిలబెట్టినారు. గుర్తుండాదా?"

"గుర్తుంది. అప్పుడు నీకు రాలేదు."

"ఆ పొద్దే మిద్దెక్కించుంటే వచ్చుండును గదా!"

ఆరాధన అయిపోగానే కాలనీ ఆడవాళ్ళు మెట్ల కింద చేరి పైకి చూస్తున్నారు. అయ్యగారు తెల్ల అంగీ విప్పి కొయ్యకు తగిలించి, ఒక బిందె ఎత్తుకుని మిద్దెక్కాడు.

"దప్పిగొన్నవాళ్ళకు నీళ్ళివ్వడం పని కిందికి రాదు" అన్నాడు, ఎవరూ అడగకుండానే. అవ్వ ఆయన వెనకే గ్లాసులు పట్టుకుని ఎక్కింది. ఆమె వెనక ఇంకొకరు బెల్లం నీళ్ళతో. చల్లబడ్డాక చూస్తే రెండు ఊళ్ళవాళ్ళూ ఒకే వరసలో ఉన్నారు. ఎవరి చేతిలో చెక్క ఉందో, ఎవరి చేతిలో గ్లాసు ఉందో అయ్యగారు పట్టించుకోలేదు. పంతొమ్మిదో ఎక్కం అయిపోయే వేళకు చెక్క సున్నం మీద పడి టంగుమని ఎగిరింది. మేస్త్రీ చెవి ఆనించి విన్నాడు. ఇంకోచోట కొట్టించి విన్నాడు. తర్వాత లేచి, ముఖం తుడుచుకుని, "పోదుమ్మా" అన్నాడు. చాలు అని.

మిద్దె ఆరడానికి నెల పట్టింది. జూన్ పది సోమవారం పొద్దున నీటి గొట్టాలు మూసి, చీలమండ లోతు నీళ్ళు నిలబెట్టాం. మంగళవారం పదింటికి ఇంజనీరమ్మ వచ్చింది. మరునాడే బడి. హాల్లో అందరం తలలు పైకెత్తి నిలబడ్డాం. ఆమె గోడ వెంబడి నడుస్తూ ఒక్కో దూలాన్నీ చూసింది. ఎండు సున్నం తెల్లగా, పొడిగా ఉంది. చివరి దూలం దాకా వచ్చింది.

అప్పుడు టప్‌మని ఒక చుక్క అయ్యగారి బట్టతల మీద పడింది.

రెండో చుక్క పడింది. ఇంజనీరమ్మ ముఖం చిన్నబోయింది. ఆమెకూ ఇది పాసవ్వాలని ఉందని అప్పుడే నాకు తెలిసింది. నిచ్చెన తెమ్మంది. ఎక్కి, చుక్క పడిన చోట కప్పంతా చేత్తో తడిమింది. ఆగింది. గంట తాడు పట్టుకుంది. పిండింది. నీళ్ళు ధారగా కారాయి.

గంట మిద్దె మీద, తాడు హాల్లో. మధ్యలో తాడు బిగుతుగా దూరే బొక్క. మూడు రోజులు యాభై ఏడుగురు ఎంత కొట్టినా ఆ బొక్క చుట్టూ గట్టు కట్టాలని ఎవరికీ తోచలేదు. నీళ్ళు తాడు పట్టుకుని కిందికి దిగివచ్చాయి.

ఇంజనీరమ్మ నిచ్చెన మీదనే కూర్చుని నవ్వింది. "మిద్దె పాసు మేడమ్. తాడు ఫెయిలు."

హాలు హోరెత్తింది. అవ్వ మా అసిస్టెంటు సారు దగ్గరికి వెళ్ళి, ఆయన ముఖంలోకి పరీక్షగా చూసి, "సారూ, మంగలిని పిలిపించేదా?" అని అడిగింది.

ఆ సాయంత్రమే బొక్క పూడ్చి, తాడును బయటి గోడ మీదికి వేలాడదీశాం. జూన్ పన్నెండు బుధవారం తొమ్మిదింటికి గంట కొట్టాను. నలభై ఒక్కమందీ వచ్చారు. పై ఊరి నుంచి ఇంకా ఆరుగురు వచ్చారు. వాళ్ళలో ఇద్దరు నూట పంతొమ్మిది చెప్పినామె పిల్లలు. పిల్లలంతా బెంచీల వీపుచెక్కల్ని పడమటికి తిప్పి కూర్చున్నారు. ఒకటో తరగతి పిల్లవాణ్ణి లేపి అంకెలు చెప్పించాను. "నాలుగు" అని గట్టిగా అని, వాడు అలవాటుగా పైకి చూసి ఆగాడు. కొత్తగా వేసిన అడ్డదూలాల వల్ల కాబోలు, కప్పు ఏమీ అనలేదు. మిగిలిన పిల్లలు కాసేపు ఎదురుచూసి, ఆ పని తామే చేశారు. "లుగు" అన్నారు.

నేను రిటైరయ్యాక కూడా ఆ బడి నడుస్తోంది. మొన్న వానల్లో వెళ్ళి చూశాను. ఎక్కడా తడి లేదు. పోయినవి రాసి ఉంచడం నా పద్ధతి కనుక ఇక్కడ రాస్తున్నాను.

పుచ్చిన దూలాలు, మూడు. పాత మిద్దె పగలగొట్టేటప్పుడు రాయి తగిలి పోయిన కిటికీ నీలం అద్దం, ఒకటి, అది ఆఖరిది. చీలిపోయిన చేతిచెక్కలు, పదకొండు. నా గొడుగు, ఒకటి. మిద్దె మీద పెట్టి మరిచిపోయాను, ఎవరో సున్నం ఎత్తడానికి వాడారు. గంట తాడు, ఇరవై రెండు అడుగులు. అసిస్టెంటు సారు మీసం, ఒకటి. ఆదివారం, ఒకటి, అయ్యగారు పోయిందంటాడు, అవ్వ బతికున్నన్నాళ్ళూ పోలేదనే అంది. హాల్లో తిరిగి పలికే మాట, మొత్తం.

గాజులు, లెక్కపెట్టలేదు. మిద్దెలో ఉన్నాయి.